నిలబడేవాళ్లకు కీలు, కూచునేవాళ్లకు మైనం

అరవై దాటాక కీళ్లు అరగడం అందరికీ ఉన్నదే. నాకు కీళ్లతోపాటు క్లారినెట్ కీలు కూడా పోయాయి. మొదటివాటికి సికింద్రాబాద్‌లో మా వీధి చివరే డాక్టరున్నాడు. రెండోవాటి కోసం కోవిల్పట్టి దాకా వెళ్లాల్సి వచ్చింది.

సంగతి ఇదీ. తపాలా శాఖలో ముప్ఫై ఏళ్లు ఇతరుల ఉత్తరాలు మోసిన నేను, రిటైరయ్యాక నా కోరిక ఒకటి మోసుకొస్తున్నాను. గత శతాబ్దంలో ఒక ఇంగ్లిష్ స్వరకర్త, వెనక తీగ వాద్యాల బృందం, ముందు ఒకే ఒక్క క్లారినెట్ ఉండేలా ఒక రచన చేశాడు. మూడు భాగాలు, అరగంట. పేరు చెప్పను. చెబితే మీరు వెతికి వింటారు, విన్నాక నన్ను పోలుస్తారు, ఆ తర్వాత మన మధ్య స్నేహం ఉండదు. మా ఊళ్లో వయొలిన్లూ వయోలాలూ చెల్లోలూ వాయించే పదమూడుమంది ఉన్నారు. బడిపంతుళ్లు, చర్చిలో వాయించేవాళ్లు, ఒక పళ్ల డాక్టరు. ఒక ఏడాది బతిమాలితే ఈ రచన నాతో కలిసి వాయించడానికి ఒప్పుకున్నారు. హాలు దొరికింది. తేదీ పడింది.

అప్పుడే నా క్లారినెట్ పాడ్లు పాడయ్యాయి. రంధ్రాలను మూసే మెత్తటి బిళ్లలను పాడ్లు అంటారు. అవి అరిగితే గాలి కారుతుంది, స్వరం మూలుగుతుంది. అగ్గిపెట్టెల కంపెనీలకు లేబుళ్లు అమ్ముతూ నెలకోసారి కోవిల్పట్టి వెళ్లే మా ప్రసాదు, "అక్కడ గురుసామి నాయకర్ అని ఒకాయన ఉన్నాడు. బాండు వాయిద్యాల మీద ఆయన చేయి పడితే గాలే కాదు, నిట్టూర్పు కూడా కారదు. పైగా మనవాళ్లే, ఇంట్లో తెలుగే" అన్నాడు. మనవాళ్లే అన్న మాటకు మురిసిపోయి, పెట్టెలో ఒక ఉత్తరం కూడా పెట్టి పంపాను. తిరిగొచ్చిన పెట్టె తెరిచేసరికి క్లారినెట్ తళతళలాడుతోంది. పాడ్లన్నీ కొత్తవి. అయిదు కీలు, అంటే వేలితో నొక్కే మీటలు, మాత్రం లేవు. వాటి కింది రంధ్రాలు నున్నగా మైనంతో పూడ్చి ఉన్నాయి. కచేరీకి పందొమ్మిది రోజులుంది.

కోవిల్పట్టి

ఊళ్లో దిగగానే వేయించిన వేరుశనగలూ బెల్లం పాకమూ కలిసిన వాసన ఎదురొచ్చింది. ఇక్కడి పల్లీపట్టీకి దేశమంతా పేరు. మన దగ్గర పట్టీ అంటే పళ్లకు పరీక్ష. ఇక్కడిది కొరగ్గానే పొడిపొడిగా విరుగుతుంది. కొట్టులో వద్దన్నా ముందొక ముక్క చేతిలో పెడతారు, తిన్నాకే బేరం. నేను మూడు కొట్లలో ముక్కలు తిని నాలుగో కొట్లో కొన్నాను. దీన్ని పొదుపు అనొచ్చు, ఇంకో మాట కూడా ఉంది.

గురుసామి నాయకర్ పనిపట్టు, అంటే వర్క్‌షాపు, ఆయన ఇంటి ముందుగదే. గోడనిండా బాకాలు, డోళ్ల రింగులు, సన్నాయి గొట్టాలు. డెబ్బై ఏళ్ల మనిషి, కింద కూర్చుని ఒక బాకా పొట్టలోని సొట్ట తీస్తున్నాడు. నేనెవరో చెప్పుకోగానే లేచి నిలబడ్డాడు.

"రాండయ్యా, కూచోండి! సికింద్రాబాదు క్లారినెట్టు మీదేనా? ఎట్లుండాది? రొంబ బాగ చేస్తిని కదా?"

ఆ ముఖంలోని ఆనందం చూశాక, నేను రైల్లో రిహార్సలు చేసుకొచ్చిన కోపం ఎక్కడో సాత్తూరు దగ్గరే దిగిపోయింది.

"కీలు... అయిదు లేవండీ" అన్నాను.

"ఆ! తీసేస్తిని" అన్నాడు గర్వంగా. "మీరు కూచొని వాయిస్తారని మీ ప్రసాదు చెప్పె. ముందర మీరు ఒంటిగా, వెనక ఫిడేళ్లు. నేను అడిగి తెలుసుకుంటిని."

అప్పుడు తెలిసింది ఆ పనిపట్టు ధర్మం. క్లారినెట్ వచ్చిందంటే ఆయన మొదట అడిగేది, వాయించేవాడు నిలబడతాడా, కూచుంటాడా అని. నిలబడేవాడు బాండువాడు, ఊరేగింపులో నడుస్తాడు, అతనికి కీలన్నీ కావాలి. కూచునేవాడు సంగీత విద్వాంసుడు, పక్కన ఫిడేలు పెట్టుకుని రాగం పాడించేవాడు. అతనికి స్వరం జారాలి, ఊగాలి. కీలు అడ్డం. కాబట్టి అడ్డమొచ్చేవి ఊడదీసి, రంధ్రాలు మైనంతో మూసి ఇవ్వడం మర్యాద. ఆ పనికి వేరే కూలి కూడా పుచ్చుకోరు, విద్వాంసుడికి చేసే గౌరవం అది. నేను మోకాళ్ల నొప్పులవల్ల కుర్చీలో కూర్చుని వాయిస్తాను. ఆ కుర్చీ నన్ను విద్వాంసుణ్ణి చేసింది. జీవితంలో తొలిసారి ఆ బిరుదు దక్కింది, దక్కిన పూటే నా పని పట్టింది.

"మరి నా ఉత్తరం? పాడ్లు మాత్రమే మార్చండని రాశానే?"

ఆయన లోపలికి చూసి కేకేశాడు. "లక్ష్మమ్మా! ఆ కాగితం ఏడుండాది?"

లక్ష్మమ్మగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "దేవుని దగ్గిరుండాది" అన్నారు. నిజంగానే వెంకటేశ్వరస్వామి పటం కింద, పసుపూ కుంకుమల మధ్య, నా ఉత్తరం ఉంది.

"తెలుగు మాట్లాడేదేనయ్యా మాకు తెలుసు. చదివేది తెలీదు" అన్నారామె. "ఇస్కూల్లో అంతా తమిళం. మా ఇంటికి తెలుగు అక్షరం వచ్చింది ఇదే మొదలు. మూల పడేసేకి మనసు రాలే. ఏం రాసిండారో చదవండి, విందాము."

చదివాను. 'మహారాజశ్రీ గురుసామి నాయకర్ గారి దివ్యసముఖమునకు' అని మొదలుపెట్టి, ఒక్క చిన్న పనికి రెండు పుటలు రాశాను. వాళ్లిద్దరూ భక్తిగా విన్నారు. పూర్తయ్యాక లక్ష్మమ్మగారు కళ్లు తుడుచుకుని, "రొంబ బాగుండాది. టీవీలో మాట్లాడే మాదిరి. గానీ, ఏం చేయమంటారు?" అన్నారు.

"పాడ్లు మార్చి, వేరే ఏమీ ముట్టుకోవద్దని."

గురుసామిగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. "అయ్యో, పాపమే! ఇంత చిన్న మాటకి ఇంత పెద్ద కతా?"

నా రచనాశైలి మీద ఇంతకంటే సూటి విమర్శ నేను వినలేదు.

సద్ద సంకటి, అయిదో కీ

మధ్యాహ్నం అక్కడే భోజనం. సజ్జలతో చేసిన సద్ద సంకటి, పులుసు, ఎండబెట్టిన గోరుచిక్కుడు వేపుడు. సంకటి మధ్యలో గుంట చేసి పులుసు పోశారు. నేను చెంచా కోసం చూడటం గమనించి, "ఆంద్రాలో చేతులు లేవా?" అంది లక్ష్మమ్మగారి కోడలు గుమ్మం వెనకనుంచి. అందరూ నవ్వారు. నేను కూడా, రెండు క్షణాలు ఆలస్యంగా.

ఊడదీసిన కీలు ఏం చేశారని అడిగాను. అక్కడా ఒక ధర్మం ఉంది. కూచునేవాడి దగ్గర తీసిన కీలు అమ్మకూడదు, కరిగించకూడదు. కీ విరిగి పని నిలిచిపోయిన బాండువాడెవరికైనా ఊరికే ఇవ్వాలి.

"విరుదునగర్‌లో రంగసామి అనేవాడికిస్తిని" అన్నాడాయన. "పగలు మరమగ్గం పని, సాయంత్రం బాండు. వాడిది గొంతు కీ విరిగి ఏడాదాయె. కొత్తది చేసిస్తానంటే, సీజను అయిపోనీ మామా, సీజను అయిపోనీ మామా అంటాడు."

గొంతు కీ సంగతి మీకు చెప్పాలి. క్లారినెట్ పై భాగంలో, ఎడమ చూపుడువేలికి అందేలా ఉంటుంది. అది తెరిస్తే వచ్చే స్వరానికి మేం గొంతు స్వరం అంటాం. కొంచెం మసకగా, జలుబు చేసిన మనిషి ముద్దుగా మాట్లాడినట్టు ఉంటుంది. మిగతా నాలుగు కీలు లేకపోయినా వేళ్లు వంకరతిప్పి ఎలాగో గట్టెక్కవచ్చు. దీనికి మాత్రం వేరే దారి లేదు. నా రచనలో పరుగుమీద వచ్చేచోట్ల దాటేయొచ్చు గాని, ఆ స్వరాన్ని పట్టి నిలపాల్సిన చోట్లు నాలుగున్నాయి.

"కొత్తది చేయడానికి ఎన్నాళ్లు?"

"పోత పోయల్ల, ఆకురాయల్ల, కూర్చల్ల. పదైదు నాళ్లు. ఒకటి రెండు అటూ ఇటూ." ఆయన నా ముఖం చూశాడు. "తప్పు నాది. రేపు నేనూ వస్తా పదండి. వాడి కాడ అడిగి తెద్దాము."

సాత్తూరు దారి బస్సు

రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి, నెర్రెలిచ్చి ఉంది. అక్కడక్కడా పత్తి, పొద్దుతిరుగుడు. సాత్తూరులో కిటికీలోంచి కారప్పూసలాంటి కారాసేవు పొట్లం, నిలువునా చీల్చి ఉప్పుకారం పూసిన దోసకాయ కొన్నాను. దోసకాయ పదిరూపాయలు. కారం మాత్రం ఉచితం, దాని ప్రభావం విరుదునగర్ దాకా.

బస్సు కదిలాక కండక్టరు నా ఒళ్లోని నల్లపెట్టె మీద కన్నేశాడు. దగ్గర్లోని వెంబకోట్టై చుట్టుపక్కలంతా బాణసంచా తయారీ. బస్సులో మందుగుండు తేకూడదు. పెట్టె తెరవమన్నాడు. తెరిచాను. గొట్టం, ముక్కలు ముక్కలుగా. అనుమానం ఇంకా పెరిగింది. గురుసామిగారు తమిళంలో ఏదో చెప్పారు. కండక్టరు నవ్వి, అలాగైతే వాయించి చూపించమన్నాడు. వెనక సీట్లవాళ్లు వంత పాడారు.

నేను అమర్చి ఊదాను. మైనం పూసిన రంధ్రాల మీద నా అలవాటైన వేళ్లు తడబడి, బాతును ఎవరో నిద్రలేపినట్టు శబ్దం వచ్చింది. ఒకావిడ ఒళ్లోని కోడి తల తిప్పి చూసింది. గురుసామిగారు నా చేతిలోంచి క్లారినెట్ తీసుకుని, నోటి దగ్గరి రీడు తన పంచె అంచుతో తుడిచి, సీట్లో మఠం వేసుకుని కూర్చుని తోడి రాగం ఎత్తుకున్నారు.

రెండు నిమిషాలు. స్వరం నుంచి స్వరానికి మెట్లు లేవు, అంతా జారుడే. బస్సు గేరు మారిన చప్పుడు కూడా శ్రుతిలో పడ్డట్టు అనిపించింది. ముప్ఫై ఏళ్లుగా నా దగ్గర ఉన్న వాయిద్యం అది. ఇంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

తిరిగి ఇస్తూ ఆయన మెల్లగా అన్నారు. "చూస్తిరా? నేను చెడగొట్టలే."

"లేదండీ. మీరు చేసింది గొప్ప పని. వాయించేవాడే పొరపాటున నేనయ్యాను" అన్నాను.

విరుదునగర్

రంగసామి ఇల్లు మరమగ్గాల షెడ్డు వెనక సందులో. మగ్గాల చప్పుడులో మాట వినిపించాలంటే చెవి దగ్గర అరవాలి, లేదా షిఫ్టు మారేదాకా ఆగాలి. ఆగాం. నలభై ఏళ్ల సన్నటి మనిషి, మీసాల మీద దూదిపింజలతో వచ్చాడు. సంగతంతా గురుసామిగారే చెప్పారు.

రంగసామి లోపలికెళ్లి పౌడరు డబ్బా తెచ్చి, గుడ్డలో చుట్టిన నాలుగు కీలు నా చేతిలో పెట్టాడు. "ఈ నాలుగూ నేను వాడనే లేదు సార్. ఒకటే వేసుకుంటిని. ఈ పొద్దు సాయంత్రం పెండ్లి ఊరేగింపు ఉండాది. అది అయిపోతానే ఊడదీసి ఇస్తా. మీది మీకు ఇచ్చేకి ఏముండాది?"

అతని భార్య కాఫీ లోటాలు పెడుతూ, నన్ను చూడకుండా గోడతో అన్నట్టు అంది. "ముందు వరసలో నిలబెట్టి నెల కాలే."

"ఊరికే ఉండవే."

"ఉన్నమాట చెప్పితే తప్పా? ఏడాది వెనక వరసలో డోలోడి పక్కన ఊదితివి. ఆ ఒక సొరం వచ్చేచోట నోరు మూసుకుంటివి. పిల్లకాయలు ఎగతాళి చేస్తే ఇంటికి వచ్చి బువ్వ తినలే. అది కూడా చెప్పనా?"

"మామా, దీన్ని చూడు" అని గురుసామిగారితో ఫిర్యాదు చేశాడు రంగసామి. గురుసామిగారు కాఫీ ఊదుకుంటూ ఉండిపోయారు. నేను నాలుగు కీల మూట జేబులో వేసుకున్నాను. బరువేమీ లేదు గాని జేబు లాగుతున్నట్టు ఉంది.

సాయంత్రం అయిదింటికి ఊరేగింపు. మన దగ్గర బాండు పెళ్లికొడుకు ముందు నడుస్తుంది, మనం దాన్ని వినం, దాటుకుని పోతాం. ఇక్కడ అరుగుల మీద ముసలివాళ్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు, బాండువాళ్లను పేరుపెట్టి పిలుస్తున్నారు. ఎర్రకోట్లు, బంగారు అంచులు. ముందు వరసలో ఎడమ చివర రంగసామి. ఏదో సినిమా పాట. పల్లవి తిరిగి వచ్చేచోట మిగతా క్లారినెట్లు ఆగుతాయి, ఒక్కడే ఒక్క స్వరం పట్టి నిలపాలి.

అదే స్వరం. నా కీ.

అతను కళ్లు మూసుకుని పట్టాడు. ఊపిరి సన్నబడే దాకా పట్టాడు. అరుగు మీద ఒక ముసలాయన "శభాష్‌రా రంగా!" అన్నాడు. బాండు మాస్టరు వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసి, మళ్లీ ముందుకు తిరిగాడు. ఆ చూపు కోసం అతను ఏడాది ఆగాడని నాకు అర్థమైంది.

నేను అక్కడే లెక్క వేశాను, దాచను. అతనికి ఆ స్వరం రోజూ. నాకు నాలుగుసార్లు. కాని ఆ నాలుగూ లేకపోతే నా రచన బోసినోరవుతుంది, ఇంకో ఏడాది పదమూడుమందినీ బతిమాలే ఊపిరి నాకు లేదు. కొత్త కీ పదిహేను రోజులకు వస్తే సరే, అటూ ఇటూ అయితే? అతను వెనక వరసకు పోయి పదిహేను రోజులు ఓర్చుకోలేడా? ఓర్చుకుంటాడు. అడక్కుండానే ఓర్చుకుంటాడు, అదే చిక్కు.

ఊరేగింపు మండపం చేరింది. రంగసామి చెమటలు కారుతూ నా దగ్గరికొచ్చి, కోటు జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీశాడు. అప్పటికే మరలో ఆనించాడు.

"ఉండనీ" అన్నాను.

"ఏంటికి సార్? మీ సామాను."

"నీ దగ్గరే ఉండనీ. నాకు గురుసామిగారు కొత్తది చేసిస్తారు."

అతను గురుసామిగారి వైపు చూశాడు. గురుసామిగారు నా వైపు చూశారు. "మీ కచేరికి అందకపోతే?"

"అందకపోతే అప్పుడు చూద్దాం."

రంగసామి స్క్రూడ్రైవరు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "పరోటా తింటారా సార్?" అన్నాడు.

నూనె పరోటా

విరుదునగర్‌లో పరోటా పెనం మీద కాలదు, నూనెలో ఈదుతుంది. పైకి కరకర, లోపల పొరలు. ముక్కలు చేసి పైన సాల్నా, అంటే మసాలా పులుసు, ముంచి పోస్తారు. ఒకటి పదిహేను రూపాయలు. మా ఊళ్లో ఆ డబ్బుకు పరోటా వాసన మాత్రం వస్తుంది. మొదటి పరోటా తింటున్నంతసేపూ నేను చాలా ఉదారంగా ఉన్నాను. రెండోదానికి, ఎంత పిచ్చిపని చేశానో అనిపించింది. మూడోది రంగసామి బలవంతం మీద తిన్నాను. అప్పటికి నాకు ఏ అభిప్రాయమూ మిగల్లేదు.

చెయ్యి కడుక్కుని బస్టాండులోంచి సునీతకు ఫోన్ చేశాను. మా బృందంలో, వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా వాయిస్తుంది, బళ్లో లెక్కలు చెబుతుంది. వయోలా స్వరం కూడా కాస్త మసకే, గొంతు స్వరానికి తోబుట్టువు.

"సునీతమ్మా, నా భాగంలో నాలుగు చోట్ల ఒక స్వరం నాకు పలకదేమో. నువ్వు అందుకోగలవా?"

"వయోలాకు సోలోనా? మూర్తిగారూ, ఎవరైనా పోయారా?"

"కీ పోయింది."

"ఎక్కడికి?"

"ముందు వరసకు" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. వచ్చాక చెప్తానన్నాను.

మళ్లీ సికింద్రాబాద్

మర్నాడు కోవిల్పట్టిలో నాలుగు కీలూ గురుసామిగారు తిరిగి బిగించారు. ఒక్కో రంధ్రంలోని మైనం సూదితో తీస్తూ, వెలిగించిన ఊదుబత్తి పాడ్ల పక్కన పట్టి చూశారు. పొగ వంగితే గాలి కారుతున్నట్టు. పొగ ఎక్కడా వంగలేదు. వెళ్లొస్తానంటే లక్ష్మమ్మగారు నా ఉత్తరం మాత్రం వెనక్కి ఇవ్వనన్నారు. "మాకు రాసిందేనయ్యా అది" అన్నారు.

కొత్త కీ కొరియర్లో వచ్చింది. కచేరీకి ఇంకా రెండు రోజులుంది. అయిదో రంధ్రంలో మిగిలిన మైనం తీసి, బిగించుకుని ఊదాను. గొంతు స్వరం పలికింది, జలుబుతో సహా. అందరికంటే ముందు సునీతకు ఫోన్ చేశాను.

"మంచి వార్తమ్మా. ఆ నాలుగు స్వరాలూ ఇక నేనే వాయించుకోవచ్చు."

"కుదరదు" అంది.

"అదేంటి?"

"పదకొండేళ్లుగా అందరి రాగాల కింద 'ఊఁ ఊఁ' అంటూ వాయిస్తున్నాను. రెండు వారాలుగా మా ఆయన్నీ పిల్లల్నీ కూర్చోబెట్టి ఆ నాలుగూ వినిపిస్తున్నాను. మా అమ్మ ఏలూరు నుంచి వస్తోంది వినడానికి. ఇచ్చిన నోటు వెనక్కి తీసుకునేది బ్యాంకువాళ్లండీ, మీది పోస్టాఫీసు."

కచేరీ రోజు హాల్లో సగం కుర్చీలు నిండాయి. మూడో వరుసలో ఏలూరు నుంచి వచ్చిన పెద్దావిడ కళ్లజోడు తుడుచుకుని సర్దుకుంది. మొదటి భాగంలో ఒకసారి, రెండో భాగంలో రెండుసార్లు, సునీత స్వరం నా స్వరాన్ని చేయి పట్టుకుని దాటించింది. నాలుగోది రెండో భాగం ఆఖరున. తీగలన్నీ సన్నగిల్లి ఆగిపోతాయి, క్లారినెట్ ఒక్కటే మెల్లగా దిగుతూ వచ్చి, ఆ స్వరం గుమ్మంలో నిలబడుతుంది. వచ్చాను, నిలబడ్డాను. ఎన్నో ఏళ్ల అలవాటు కదా, ఎడమ చూపుడువేలు తనంతట తానే వెళ్లి కొత్త కీని తాకింది. చల్లగా ఉంది. పక్కన సునీత కమాను ఎత్తింది.

నేను వేలు నొక్కలేదు.